చూడని సరుకు

మదరసాలో క్రయవిక్రయాల అధ్యాయాన్ని నేను ఇరవై ఆరేళ్లుగా బోధిస్తున్నాను. చిన్న తరగతిలో 'ఖుదూరీ', పై తరగతిలో 'హిదాయా'. కంటితో చూడని సరుకు కొన్నవాడికి ఏ హక్కు ఉంటుంది, సరుకులోని లోపాన్ని దాచి అమ్మితే ఆ బేరం ఏమవుతుంది అన్న విషయాలు నాకు దాదాపు కంఠస్థం. ఉదాహరణలు కూడా ఏళ్ల తరబడి మారవు: గోధుమల రాశి, బట్టల మూట, పొదుగు నిండుగా కనిపించాలని పాలు పిండకుండా ఆపి ఉంచిన మేక. ఈ అధ్యాయంలో నేను నేర్చుకోవలసింది ఇంకా మిగిలి ఉందని నేనెన్నడూ అనుకోలేదు. నిరుడు రంజాన్ మాసంలో మా ఇంటి వసారాలోకి ఒక పెద్ద అట్టపెట్టె వచ్చి చేరింది. ఆ పెట్టెలో ఉన్నది ఒక సైకిల్. దాని కథే ఇది.

మా రెండో అబ్బాయి హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. రోజంతా కుర్చీలో కూర్చునే పని. ఇరవై నాలుగేళ్లకే నడుము నొప్పి మొదలైంది. నగరానికి పడమర దిక్కున ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి 2023లో 23 కిలోమీటర్ల పొడవున సైకిల్ దారి ఏర్పడింది. పైన సౌర ఫలకాలే కప్పు. మావాడు ఒక మిత్రుని సైకిల్ అడిగి తీసుకుని, ఫజ్ర్ నమాజు తర్వాత ఆ దారిలో తిరగడం అలవాటు చేసుకున్నాడు. రెండు నెలల్లో నడుము నొప్పి తగ్గింది. సొంత సైకిల్ కావాలన్న కోరిక పుట్టింది.

"కార్బన్ రోడ్ బైక్ కొనాలనుకుంటున్నాను" అని ఫోనులో చెప్పగానే వాళ్లమ్మ కంగారు పడింది. "బైకులొద్దు బేటా, ఆ నగరం రోడ్ల మీద నాకు ప్రాణం గుప్పిట్లో ఉంటుంది" అంది. అది మోటారు బండి కాదు, తొక్కే సైకిలేనని తెలిసి ఆమె ఊరట చెందింది. ధర తెలిశాక ఆ ఊరట నిలవలేదు. తొంభై ఆరు వేల రూపాయలు!

నేను వెంటనే అన్నమాట ఒక్కటే, "ఇది దుబారా కాదా?" వాడు మర్యాదగానే జవాబిచ్చాడు. "అబ్బా, నా స్నేహితులు రెండు లక్షలు పెట్టి మోటారు సైకిళ్లు కొన్నారు. వాళ్ల ఇళ్లలో ఎవరూ ఆ మాట అనలేదు. నేను పెట్రోలు పోయని బండి అడుగుతున్నాను." ఈ మాటకు నా వద్ద సమాధానం లేకపోయింది. వాడు ఇంటికి పంపవలసింది నెలనెలా పంపుతూనే ఉన్నాడు. జకాత్ లెక్క నాకంటే జాగ్రత్తగా చూస్తాడు. వాయిదాల మీద కొనమని బ్యాంకు కార్డు వాళ్లు పిలిచినా, తేదీ దాటితే వడ్డీ పడుతుందన్న షరతు చదివి మానుకున్నాడు. నెలకు ఆరు వేల చొప్పున పదహారు నెలలు దాచాడు. అంత ఓపిక పట్టినవాడి కోరికను కాదనడానికి నాకు మనసొప్పలేదు.

సైకిళ్ల దుకాణంలో అదే రకం దాదాపు ఒకటిన్నర రెట్లు పలుకుతోందట. అందుకని బియ్యం మొదలు ఫ్రిజ్ వరకు అన్నీ అమ్మే ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో వెతకడం మొదలుపెట్టాడు. ఆ వెతుకులాటలో నాకూ కొంత జ్ఞానం అబ్బింది. ఒకరోజు నేనే ఫోనులో చూసి, "పద్నాలుగు వేలకే కార్బన్ సైకిల్ ఉందిరా" అని చెప్పాను. వాడు నవ్వాడు. "సరిగ్గా చదవండి అబ్బా, అది కార్బన్ స్టీల్." ఉక్కు అంటేనే ఇనుములో కాస్త కార్బన్ కలిసిన లోహం. ఆ లెక్కన ముప్పై ఏళ్లుగా నేను తొక్కుతున్న నల్ల సైకిల్ కూడా కార్బన్ సైకిలే! మరొకచోట 'కార్బన్' అని పెద్ద అక్షరాలతో ఉంది. కింద చిన్న అక్షరాల్లో చూస్తే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మాత్రమే కార్బన్, మిగతా చట్రమంతా అల్యూమినియం. ఇందులో అబద్ధమనదగిన మాట ఒక్కటీ లేదు. అయినా చదివేవాడు అబద్ధాన్నే నమ్ముతాడు. పాలు పిండని మేక యజమాని కూడా నోటితో ఏ అబద్ధమూ ఆడలేదు కదా!

అసలైన కార్బన్ సైకిల్ వేరు. స్వెట్టర్లు అల్లే అక్రిలిక్ నూలు జాతికి చెందిన పోగులను గాలి తగలకుండా తీవ్రమైన వేడికి గురిచేస్తే మిగిలేది వెంట్రుక కంటే సన్నని కార్బన్ పోగు. ఆ పోగుల పొరలను జిగురుతో తడిపి, అచ్చులో ఒకదానిపై ఒకటి పేర్చి, వేడితో గట్టిపరుస్తారు. 1986లో అమెరికాకు చెందిన గ్రెగ్ లెమాండ్ ఇలాంటి చట్రమున్న సైకిల్‌పైనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు చెందిన క్రిస్ బోర్డ్‌మన్ స్వర్ణ పతకం సాధించిందీ కార్బన్ సైకిల్‌పైనే. ఈ పదార్థంతో సైకిళ్లు ఎంత తేలికగా తయారయ్యాయంటే, పందేల్లో వాడే సైకిల్ 6.8 కిలోలకు తగ్గరాదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం పెట్టవలసి వచ్చింది. మావాడు ఎంచుకున్నది సుమారు తొమ్మిది కిలోలు. నా నల్ల సైకిల్ దానికి రెట్టింపు పైమాటే.

అయితే ఈ పదార్థానికి ఒక స్వభావం ఉంది. ఉక్కు దెబ్బ తింటే వంగుతుంది, సొట్టపడుతుంది, కంటికి కనిపించి హెచ్చరిస్తుంది. కార్బన్ పైకి బాగానే ఉండి లోపల పొరలు విడిపోవచ్చు. ఆ తర్వాత ఏదో ఒకనాడు, వేగంగా పోతున్నప్పుడు ఒక్కసారిగా విరగవచ్చు. మావాడు ఈ సంగతి చెప్పినప్పుడు నేను శ్రద్ధగా వినలేదు.

హైదరాబాదులో నలుగురు కలిసి ఉండే గదిలో చోటు లేదని వాడు సైకిల్‌ను కర్నూలులోని మా ఇంటి చిరునామాకు తెప్పించాడు. రంజాన్ రెండో పదిరోజుల్లో, అస్ర్ నమాజు వేళకు పెట్టె వచ్చింది. ఎండలో చెమటలు కక్కుతూ ఆ కుర్రవాడు దాన్ని గుమ్మం దాకా మోసుకొచ్చాడు. ఫోనుకు వచ్చిన అంకెలు అడిగాడు. చెప్పాను. పెట్టె కింది మూల ఒకటి నలిగి లోపలికి పోయి ఉంది. చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

ఆ రాత్రి అబ్బాయి ఫోను చేశాడు. "పెట్టె విప్పి చూడండి అబ్బా. విప్పేటప్పుడు తమ్ముడితో వీడియో తీయించండి. వాపసుకు పది రోజులే గడువు." నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "పండుగకు ఎలాగూ వస్తున్నావు. నీ చేతులతో నువ్వే విప్పుకో. కొత్త వస్తువు, అందరి చేతులూ ఎందుకు?" ప్రేమతోనే అన్నాను. వాడు కాదనలేకపోయాడు. పండుగకు ఇంకా పదమూడు రోజులుంది.

పండుగ మరునాడు పెట్టె విప్పాం. మావాడు చక్రాలు బిగించాడు, హ్యాండిల్ అమర్చాడు. ఎడమ పెడలు మర అపసవ్యంగా తిరుగుతుందని తమ్ముడికి చూపించాడు. బోల్టు ఎంత బలంతో బిగుస్తున్నదో కొలిచే రెంచిని ప్రత్యేకంగా కొని తెచ్చాడు. కార్బన్‌ను అతిగా బిగిస్తే నలిగిపోతుందట. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాం. వాళ్లమ్మ మెత్తని గుడ్డతో దుమ్ము తుడుస్తూ వెనుక చక్రం దగ్గరి కింది గొట్టం వద్ద ఆగింది. "ఇక్కడేదో గీత గోటికి తగులుతోంది బేటా" అంది.

అబ్బాయి రూపాయి బిళ్ల తీసి చట్రం మీద అక్కడక్కడా తట్టి చూశాడు. అంతటా టక్ టక్‌మని గట్టిగా పలికింది. ఆ గీత దగ్గర మాత్రం తడిసిన చెక్కపై కొట్టినట్టు మూగగా పలికింది. వాడు ఏమీ అనలేదు. నా వైపు చూడనూ లేదు. వాడు చూడకపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది.

హైదరాబాదులో కార్బన్ పని తెలిసిన మెకానిక్ పరీక్షించి, దీన్ని తొక్కవద్దని కచ్చితంగా చెప్పాడు. పగిలినచోట గీకి, కొత్త పొరలు వేసి బాగుచేయవచ్చు, పద్నాలుగు వేలవుతుందన్నాడు. అంగడి వారిని అడిగితే వాపసు గడువు ముగిసిందన్నారు. విక్రేతను అడిగితే పెట్టె విప్పిన వీడియో లేదు కనుక మీ ఇంట్లోనే తగిలిన దెబ్బ కావచ్చన్నాడు. లోపమున్న సరుకును తిరిగి తీసుకోవడానికి విక్రేత నిరాకరించరాదని మన దేశపు 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్న మాట నిజమే. వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫిర్యాదు కూడా చేశాం. కాని లోపం ఎప్పుడు కలిగిందో నిరూపించవలసి వచ్చినప్పుడు మా చేతిలో ఏముంది? నలిగిన మూలను చూసిన సాక్షిని నేనొక్కణ్నే. నేను ఆ రోజు నోరు విప్పలేదు, పెట్టె విప్పలేదు.

ఒక నెల గడిచింది. శనివారం ఇంటికి వచ్చిన అబ్బాయి రాత్రి భోజనాల వేళ నెమ్మదిగా చెప్పాడు. "సైకిల్ అమ్మేద్దామనుకుంటున్నాను. డిగ్రీ చదివే కుర్రాడు ఒకడు ఫోటోలు చూసి డెబ్బై వేలిస్తానన్నాడు. ఆ గీత రంగు మీది గీతలాగే కనిపిస్తుంది. అడిగితే చెబుతాను. అడగకపోతే..." అని ఆగి, నా వైపు చూశాడు.

పాఠకులారా, ఆ క్షణంలో నేను ఏమి చెప్పవలసి ఉందో మా మదరసాలోని పన్నెండేళ్ల పిల్లవాడికి కూడా తెలుసు. నేను చెప్పలేదు. చెయ్యి కడుక్కుని, "ఇషాకు వేళవుతోంది" అంటూ లేచాను. వాడి పదహారు నెలల కష్టార్జితం నా ఒక్క మాట వల్ల మట్టిపాలైందన్న సిగ్గు నన్ను పట్టి పీడిస్తోంది. ఆ బేరం జరిగితే నష్టం ఇరవై ఆరు వేలతో పోతుంది. నాకు తెలియకుండా, నా చెవిన పడకుండా అది జరిగిపోతే బాగుండునని నా మనసులో ఒక మూల అనుకుంది. ఆ మూలను దాచకుండా ఇక్కడ రాస్తున్నాను. దీపం కింద చీకటి అంటే ఏమిటో ఆ రాత్రి నాకు అర్థమైంది.

సోమవారం తరగతిలో చూడని సరుకు పాఠం వచ్చింది. వస్తువును చూడకుండా కొన్నవాడికి, చూసిన తర్వాత వద్దనే హక్కు ఉంటుందని హనఫీ ధర్మవేత్తలు చెబుతారు. దీనిని ఖియారె రూయత్ అంటారు. కొన్నవాడి తరఫున మరొకరు సరుకు అందుకుంటే ఎలా? అందుకున్నవాడు వకీలు, అంటే ప్రతినిధి అయితే, అతడు చూడటం కొన్నవాడు చూడటంతో సమానమని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. కేవలం కబురు మోసే దూత అయితే సమానం కాదు. ఆయన ఇద్దరు శిష్యులు మాత్రం ఈ తేడాను అంగీకరించలేదు. ఇదంతా వివరిస్తుండగా వెనుక వరుసలోని ఒక విద్యార్థి లేచి అమాయకంగా అడిగాడు. "హజ్రత్, కొడుకు ఫోనులో కొన్న సరుకును ఇంట్లో తండ్రి అందుకుంటే, ఆ తండ్రి వకీలా, దూతా?"

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వడానికి ప్రయత్నించాను. "అందుకోమని కొడుకు అప్పగించాడు కనుక వకీలు" అన్నాను. "మరి ఆ వకీలు పెట్టె విప్పి చూడకపోతే?" "చూడనప్పుడు చూసినట్లు కాదు, కొడుకు హక్కు అలాగే ఉంటుంది. లోపం బయటపడితే తిరిగి ఇచ్చే హక్కు మరీ ఉంటుంది" అని చెప్పి పుట తిప్పాను.

తర్వాతి పాఠం లోపం గురించినదే. అక్కడ ఎప్పుడూ చెప్పే వృత్తాంతాన్నే చెప్పాను. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టారు. లోపల తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడిందని ఆ వర్తకుడు చెప్పుకున్నాడు. జనానికి కనిపించేలా ఆ తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) మందలించారు. మోసగించేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. ఇరవై ఆరేళ్లుగా చెబుతున్న ఈ వృత్తాంతంలో ఒక సంగతి ఆ రోజే నా దృష్టికి వచ్చింది. ఆ వర్తకుడు ధాన్యాన్ని తడపలేదు. తడిపింది వాన. ఆ నష్టంలో అతని తప్పేమీ లేదు, బహుశా అతడూ బీదవాడేనేమో. తడిసినందుకు అతణ్ని ఎవరూ ఏమీ అనలేదు. అడుగున పెట్టినందుకే అన్నారు.

మా సైకిల్‌ను మేమూ పగలగొట్టలేదు. ఎక్కడో ఏ లారీలోనో ఎవరో పడవేశారు. ఆ నష్టం మాపై కురిసిన వాన. దాన్ని రంగు గీత చాటున ఉంచి, మరొకరి బిడ్డను దానిపై ఎక్కిస్తే మాత్రం ఆ పని మాది. పైగా తడిసిన ధాన్యం వల్ల పోయేది డబ్బే. పగిలిన చట్రం వల్ల ప్రాణం పోవచ్చు.

జుహర్ తర్వాత వణికే వేళ్లతో అబ్బాయికి ఫోను చేశాను. "బేటా, ఆ కుర్రాడికి పగులు సంగతి చెప్పు. అడిగినా అడగకపోయినా చెప్పు. నష్టంలో సగం నేను భరిస్తాను, నెలనెలా ఇస్తాను" అన్నాను. కాసేపు అవతల నుంచి మాట రాలేదు.

"శనివారం రాత్రే చెప్పేశాను అబ్బా" అన్నాడు. "మీరు ఎప్పుడూ ఏదో ఒకటి అంటారు. ఆ రోజు ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయారు. నాకు భయమేసింది. మీరు మసీదు నుంచి వచ్చేలోపే అతడికి ఫోను చేశాను."

ఆ మాట నాకు ఊరటనిచ్చిందో, శిక్ష వేసిందో ఇప్పటికీ చెప్పలేను. ఇరవై ఆరేళ్ల బోధన కంటే నా ఒక్కనాటి మౌనం వాడికి ఎక్కువ నేర్పింది. వాడు మంచివాడు కనుక దాన్ని సరైన దిక్కుకు తిప్పుకున్నాడు. ప్రతి బిడ్డా ప్రతిసారీ అలా తిప్పుకుంటాడని మనం ధైర్యంగా ఉండలేం.

ఇలాంటి వస్తువు కొనదలచిన కుటుంబాలకు నా అనుభవం నుంచి నాలుగు మాటలు. పేరులో కార్బన్ అని ఉంటే సరిపోదు, చట్రం కార్బన్ ఫైబరా, ఉక్కా, అల్యూమినియమా అన్నది వివరాల్లో చదవండి. మనిషి ఎత్తుకు తగిన కొలత ఎంచుకోండి, రోడ్ సైకిల్ చట్రాలు సెంటీమీటర్ల కొలతల్లో వస్తాయి. ధర మీద హెల్మెట్, దీపాలు, రెంచి, పంపు ఖర్చు కలుపుకోండి. వీటి ట్యూబులకు తరచుగా సన్నని వాల్వు ఉంటుంది, మన వీధి పంక్చరు దుకాణంలోని పంపు దానికి నేరుగా పట్టదు. బిగింపు సొంతంగా చేతకాకపోతే తెలిసిన మెకానిక్‌కు డబ్బిచ్చి చేయించండి. సైకిళ్ల దుకాణంలో ఎక్కువ ధర ఇస్తున్నామంటే ఈ బిగింపుకూ, రేపటి మరమ్మతుకూ ఇస్తున్నామని గ్రహించి అప్పుడు లెక్క వేయండి. అన్నిటికంటే ముఖ్యంగా, పెట్టె వచ్చిన రోజే వీడియో తీస్తూ విప్పండి. మూల నలిగి ఉంటే తెచ్చినవాడి ముందే ఫోటో తీయండి. అది అతణ్ని అనుమానించడం కాదు, ఎవరి బాధ్యత ఎంతో తేల్చుకోవడం.

పగులు సంగతి విన్న కుర్రాడు కృతజ్ఞతలు చెప్పి బేరం మానుకున్నాడు. మరో కొనుగోలుదారు దొరకలేదు. చివరకు పద్నాలుగు వేలు పోసి బాగు చేయించాం. అందులో ఏడు వేలు నావి. ఏడు నెలల్లో తీర్చాను. మా ఫిర్యాదు ఇంకా తేలలేదు.

ఈ శీతాకాలం హైదరాబాదు వెళ్లినప్పుడు మావాడు నన్ను ఆ సైకిల్ దారికి తీసుకుపోయాడు. తెల్లవారుతోంది. ఒంటిచేత్తో సైకిల్‌ను ఎత్తి చూశాను. నా పుస్తకాల సంచి అంత బరువుంది. బాగుచేసినచోట గొట్టం కాస్త లావుగా ఉంది, ఎర్ర రంగు మధ్య బెత్తెడు మేర నల్లగా బయటికే కనిపిస్తోంది. "ఇక్కడ రంగు ఎందుకు వేయించలేదు?" అని అడిగాను.

"మెకానిక్ వేస్తానన్నాడు, నేనే వద్దన్నాను. రేపెప్పుడైనా అమ్మవలసి వస్తే, అవతలివాడు అడగకముందే కనిపించాలి కదా అబ్బా" అని వాడు హెల్మెట్ పెట్టుకుని, సలాం చేసి బయలుదేరాడు. కప్పు కింద ఆ దారి మలుపు తిరిగేంత వరకు నేను అక్కడే నిలబడి చూశాను.